లోపల ఎవరున్నారు?

గోదావరిఖనిలో ఇద్దరు కార్మికులు దారిలో కలుసుకుంటే కుశలప్రశ్నలకంటే ముందు వచ్చే మాట, "ఇయ్యాల మస్టరు పడ్డదా?" అని. పడటమంటే ఎక్కడినుంచో రాలి పడటం కాదు. ఆ రోజు పనికి వచ్చినట్టు పుస్తకంలో పేరు ఎక్కడమన్నమాట. మస్టరు పడితే కూలి, పడకపోతే నాగా. ఈ మాట ఇంగ్లీషువాడిది. వాడు ఫ్రెంచివాడి దగ్గర తెచ్చుకున్నాడు. ఫ్రెంచివాడికి లాటిన్ భాషలోని 'చూపించు' అనే ధాతువు మూలం. సేనను వరసగా నిలబెట్టి, తలలు లెక్కపెట్టి, దొరకు చూపించటం దాని మొదటి పని. ఇప్పుడది మన బొగ్గుబాయి దగ్గర కాపురం పెట్టి అచ్చతెనుగు మాటలలో కలిసిపోయింది. బాయి అంటే బావి. ఈ ప్రాంతంలో ఇంటి మాటల్లో గనిని గని అనేవాళ్లు తక్కువ.

ఈ మస్టరు సంగతి ఎందుకెత్తానంటే, ఒక పాఠకురాలు అడిగారు: "ఆఫీసులో ఒకే పెద్ద కంప్యూటరును వందమందిమి వాడుతున్నాం. పొద్దున్నే పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి పోతాం. ఎవరి కాగితాలు వారికే కనబడతాయి. అంతమందిలో అది నన్ను నేనుగా ఎట్లా పోల్చుకుంటుంది?" అని. మంచి ప్రశ్న. అలా లోపలికి పోవటానికి 'లాగిన్' అని పేరు. లాగ్ అంటే దుంగ. పూర్వం ఓడవాళ్లు ముళ్లు వేసిన తాడు చివర చెక్క కట్టి సముద్రంలో వదిలి, ఎంతసేపట్లో ఎన్ని ముళ్లు జారాయో చూసి ఓడ వేగం కట్టేవారు. ఆ లెక్క రాసుకునే పుస్తకం లాగ్‌బుక్కయింది. ఆ పుస్తకంలో పేరెక్కించుకొని లోపలికి పోవటం లాగిన్. ఓడ మాటను పక్కన పెడితే, ఇది మన మస్టరే గదా!

బాయి దగ్గర ఏం జరుగుతుందో మొదట చూద్దాం. షిఫ్టు వేళకు కార్మికుడు వస్తాడు. మస్టరు వేయించుకుంటాడు. ల్యాంపురూములో తన నెంబరు దీపం తీసుకొని టోపీకి తగిలించుకుంటాడు. అగ్గిపెట్టె, బీడీకట్ట వెంట లేవని తడిమి చూసేవాళ్లు చూస్తారు. అప్పుడు దిగుతాడు. దిగినవాడు తన ఇష్టం వచ్చినచోట, ఇష్టం వచ్చిన పని చేస్తానంటే కుదరదు. మందుపాతర ముట్టుకునే అధికారం షాట్‌ఫైరరుకు. తన హద్దులో పనివాళ్ల మంచిచెడ్డలు చూడటం సర్దారుకు. మేనేజరు అంతటివాడు దిగినా తలమీద దీపం ఉండవలసిందే. 1952 గనుల చట్టంలో 48వ సెక్షను ఒకమాట గట్టిగా చెప్పింది: భూమి లోపల పనిచేసేవారి పట్టీ, ఏ క్షణాన చూసినా, ఆ క్షణంలో లోపల ఎవరెవరున్నారో పేరుపేరునా చూపించాలి. నిన్నటి లెక్క, నెలాఖరు లెక్క కాదు, ఇప్పటి లెక్క.

కంప్యూటరుకు మొదట్లో ఈ బాధ లేదు. 1950లలో యంత్రం దగ్గరకు ఒకరి పని తరవాత ఒకరి పని వెళ్లేది. చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్ట ఆపరేటరు చేతికిచ్చి, గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు, జవాబు తెచ్చుకునేవారు. అందులో ఒక్క కామా తప్పుపోతే మళ్లీ మొదటికి. ఈ అవస్థ చూడలేక అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కలిసి 1961 నవంబరులో కొత్త పద్ధతి చేసి చూపించారు. యంత్రం కాలాన్ని చిన్నచిన్న తునకలుగా కోసి, ఈ తునక ఈయనకు, పై తునక ఆయనకు అని పంచుతుంది. చక్రం తొందరగా తిరగటంవల్ల యంత్రం తన ఒక్కడికోసమే పనిచేస్తున్నదని ఎవరికివారికి భ్రమ కలుగుతుంది. దీనికి టైమ్‌షేరింగు అని పేరు పెట్టారు. పదిమంది పిల్లలకు ఒక్క తల్లి వడ్డించినట్టన్నమాట. కాకపోతే ఈ తల్లి చెయ్యి మరీ వేగం.

పదిమంది ఒకచోట చేరగానే రెండు తగాదాలు వచ్చాయి. ఎవరి కాగితాలు వారికి దాచి పెట్టాలి. ఎవరు ఎంతసేపు వాడుకున్నారో లెక్క ఉండాలి. ఆ యంత్రం కాలం అప్పట్లో బంగారం. అంచేత ప్రతివారికీ ఒక పేరు, ఒక రహస్యపు మాట ఏర్పాటు చేశారు. కంప్యూటరుకు పాస్‌వర్డు అట్లా వచ్చింది. మాట పాతదే. రోమను సైన్యంలో రాత్రి కావలివాళ్లకు ఆనాటి గుర్తుమాటను చెక్కపలక మీద రాసి చేతులు మార్పించేవారని పాలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. పొద్దుగుంకే లోగా పలకలన్నీ తిరిగి రాకపోతే ఏ దళం దగ్గర ఆగిందో విచారించేవారట. పలకలు లెక్కపెట్టినా, దీపాలు లెక్కపెట్టినా పని ఒకటే.

రహస్యం పుట్టిన మరుసటి యేడే దొంగ పుట్టాడు. 1962లో అదే విద్యాసంస్థలో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగే గంటలు కేటాయించారు. ఆయన పనికి అది చాలదు. యంత్రంలో దాచిన ఫైళ్లను కాగితం మీద అచ్చు వేయించుకునే సదుపాయం ఒకటి ఉండేది. ఫైలు పేరు అట్టముక్క మీద పొడిచి ఇస్తే చాలు. ఈయన పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలు పేరు పొడిచి శుక్రవారం రాత్రి పెట్టివచ్చాడు. శనివారం పొద్దున్నే వెళ్లి, అచ్చు కాగితాలు పెట్టేచోటునుంచి అందరి రహస్యాలూ చేతబట్టుకొని వచ్చాడు. తరవాత ఇతరుల పేర్లతో లోపలికి పోయి తన పరిశోధన సాగించుకున్నాడు. ఆ పరిశోధన దేనిమీదనుకున్నారు? పదిమంది పంచుకునే యంత్రం ఎంత బాగా పనిచేస్తుందనే విషయం మీదనే! చాలా ఏళ్లకు ఆయనే ఈ సంగతి బయటపెట్టాడు. ఆ దశాబ్దంలోనే మరో వింత జరిగింది. ఇద్దరు అధికారులు ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దుతుంటే అవి తారుమారై, 'ఈనాటి సందేశం' రావలసినచోట పాస్‌వర్డుల పట్టీ వచ్చి, లాగిన్ అయిన ప్రతివాడి ముందూ గడగడా అచ్చయింది.

దొంగతనం ఎక్కడ కుదిరింది? యంత్రం అందరి మాటలనూ ఉన్నవున్నట్టు రాసిపెట్టుకున్నది, అక్కడ. రాసిపెట్టుకోకుండా పోల్చుకోవటం ఎట్లాగ? దీనికి ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధం అనే ఆయన 1960లలో ఒక ఉపాయం చెప్పాడు. వడ్లు దంచితే అటుకులవుతాయి. అటుకులను ఏం చేసినా మళ్లీ వడ్లు కావు. అట్లాగే మాటను ఒక గణితపు రోట్లో వేసి దంచాలి. అదే మాటను ఎన్నిసార్లు దంచినా అవే అటుకులు రావాలి. అటుకులు చూసి మాటేమిటో చెప్పటం మాత్రం ఎవరి తరమూ కాకూడదు. యంత్రం అటుకులే దాచుకుంటుంది. మీరు వచ్చి మాట చెప్పగానే అప్పటికప్పుడు దంచి, దాచినవాటితో పక్కపక్కన పెట్టి చూస్తుంది. సరిపోతే రమ్మంటుంది. మీ రహస్యం ఆ యంత్రానికీ తెలియదన్నమాట. పాఠకురాలి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

తక్కిన సగం 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ అనే ఏర్పాటులో ఉన్నది. ఈనాటి కంప్యూటర్లలో చాలావాటికి అది పెదతాత. అందులో ప్రతి తెర దగ్గరా ఒక చిన్న ప్రోగ్రాము గేటు కాపలావాడిలా కూర్చుని, 'లాగిన్' అని రాసి, ఎవరొస్తారా అని చూస్తుంటుంది. మీరు పేరు కొట్టగానే మిమ్మల్ని రెండోవాడికి అప్పగించి తప్పుకుంటుంది. ఆ రెండోవాడు పాస్‌వర్డు అడుగుతాడు. అది కొడుతున్నంతసేపూ తెరమీద అక్షరం కనబడదు. వెనక నిలబడినవాడి కళ్లకోసం ఈ జాగ్రత్త. తరవాత పట్టీ తీసి మీ పేరున్న వరస చూస్తాడు. ఆ వరసలో మీ పేరు, మీ నెంబరు, మీ సామాను పెట్టుకునే గది, లోపల మీకు తోడుండే ప్రోగ్రాము ఏదీ అన్నీ ఉంటాయి. అన్నీ సరిపోతే మీకు నెంబరు తగిలించి మీ గదిలో దింపి, తలుపు దగ్గర పుస్తకంలో వేళ రాసుకుంటాడు. అక్కణ్ణుంచి మీరు ముట్టుకునే ప్రతి కాగితం దగ్గరా చూసేది మీ నెంబరునే. పేరు మన సౌకర్యంకోసం. నెంబరును ఇక్కడ కొంచెం గుర్తు పెట్టుకోండి, పని ఉన్నది.

తప్పు కొడితే 'లాగిన్ తప్పు' అంటుంది. పేరు తప్పో మాట తప్పో విడమరచి చెప్పదు. ఇది మొండితనం కాదు. 'ఆ పేరు గలవారు ఇక్కడ లేరు' అన్నదంటే, దొంగ పేరు వెంట పేరు అడిగి లోపల ఎవరెవరున్నారో తెలుసుకుంటాడు. ఇంత జాగ్రత్త పడ్డా ఒకచోట గుట్టు బయటపడింది. పేరు లేనిదైతే దంచే పని లేదు గనక యంత్రం 'తప్పు' అని వెంటనే అనేది; పేరున్నదైతే దంచి చూసి, కాస్త ఆలస్యంగా అనేది. నోరు మూసుకున్నా ఆలస్యం మాట్లాడింది! తరవాత పేరున్నా లేకపోయినా దంచేటట్టు దిద్దారు.

ఈ సంగతి 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అచ్చు వేసిన వ్యాసంలో ఉన్నది. అందులోనే ఒక లెక్క కూడా ఉన్నది. వారు 3,289 పాస్‌వర్డులు పోగుచేసి చూస్తే అందులో 2,831, అంటే నూటికి 86, ఇట్టే పట్టుబడేవి: ఆరక్షరాలకు మించని పొట్టి మాట, లేదా నిఘంటువులో దొరికే మాట. అటుకులనుంచి వడ్లు రావు, నిజమే. కాని దొంగ నిఘంటువంతా వరసగా దంచుకుంటూ పోయి, ఏ అటుకులు సరిపోతాయో చూస్తాడు. దీనికి విరుగుడుగా వారు ప్రతివారి మాటలోనూ దంచే ముందు ఒక చిటికెడు 'ఉప్పు' కలిపారు. నిజంగానే దాని పేరు ఉప్పు. ఒకరి చిటికెడు మరొకరిలాగా ఉండకుండా 4,096 రకాలు. ఇద్దరు ఒకే మాట పెట్టుకున్నా అటుకులు వేరువేరుగా ఉంటాయి. దొంగ ప్రతివారికోసం నిఘంటువంతా మళ్లీ దంచుకోవాలి. ఏభై ఏళ్లు కావస్తున్నా మన ఊళ్లలో పాస్‌వర్డులు పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, లేదా ఒకటి రెండు మూడు నాలుగు. దేవుడి పేరు పెట్టుకుంటే దేవుడే కాపాడుతాడని కాబోలు, కొందరు ఇష్టదైవాన్ని పెట్టుకుంటారు. దొంగకూ ఆ దేవుడు తెలుసు గదా!

మన తెలుగులో దీనికంతటికీ ఒక చక్కని మాట ఉన్నది: ఆనవాలు. రామాయణం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. అశోకవనంలో హనుమంతుడు ప్రత్యక్షమైతే సీతమ్మ వెంటనే నమ్మలేదు. మాయవేషంలో వచ్చిన రావణుడేమోనని శంకించింది. ఆయన రాముడి రూపురేఖలు వర్ణించాడు; ఉంగరం ఇచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆమె చూడామణి ఇచ్చింది. అది చాలదన్నట్టు, రాముడికీ తనకూ తెలిసిన కాకి కథ చెప్పి పంపింది. ఈనాటి శాస్త్రజ్ఞులు మనిషిని పోల్చటానికి మూడు దారులున్నాయంటారు: వాడి దగ్గర ఉన్న వస్తువు, వాడికి తెలిసిన సంగతి, వాడి ఒళ్లు. ఉంగరం మొదటిది, కాకి కథ రెండోది, రూపురేఖలు మూడోది. ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో దుష్యంతుడి కొలువులో శకుంతల చూపించింది. ఉంగరం నీళ్లలో జారిపోతే ఆమె ఎవరో రాజుకు తెలియకుండా పోయింది. బ్యాంకువారు పాస్‌వర్డు కాక, సెల్‌ఫోనుకు ఆరంకెలు పంపి అవికూడా చెప్పమనటంలో కిటుకు ఇదే. ఒకటి తెలిసినది, రెండోది చేతిలో ఉన్నది. ఆ అంకెలు ఎవరో ఫోను చేసి అడిగితే చదివి చెప్పే పెద్దలు ఉన్నారే, వారు ఉంగరం తీసి మాయలేడి మెడలో కడుతున్నారు. రిటైరైన కార్మికుల కుటుంబాలకు ఈ మాట మరీ చెప్పాలి. జీవితకాలపు సొమ్ము ఒకేసారి చేతికి వచ్చే ఇళ్లు అవి.

మూడో దారి, ఒళ్లు, మనకు కొత్త కాదు. చదువురానివారి నిశాని మన ఊళ్లలో అందరూ ఎరిగినదే. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనక అరచేయి ముద్ర వేయించాడు, రేపు సంతకం నాది కాదంటాడేమోనని. ఇవాళ ఆఫీసుల్లో, బడుల్లో హాజరుకు వేలు పెట్టే పెట్టెలు వచ్చాయి. కాని పారకర్ర, రాయి, సిమెంటు పట్టే చేతుల్లో వేలిగీతలు అరిగిపోతాయి. పెట్టె 'నువ్వు నువ్వు కావు' అంటుంది. కష్టం చేసేవాడికే ఈ చిక్కు. ఇంకొక చిక్కు ఉన్నది. పాస్‌వర్డు బయటపడితే మార్చుకుంటాం. వేలిముద్ర ఎవడైనా అచ్చుదింపితే వేలు మార్చుకోలేం. అంచేత నా మటుకు, వేలిముద్రను పేరుగా వాడుకోవచ్చుగాని రహస్యంగా నమ్ముకోకూడదనిపిస్తుంది.

ఇక బయటికి రావటం. లోపలికి పోవటంమీద ఉన్నంత శ్రద్ధ దీనిమీద జనానికి ఉండదు. బాయిలో అట్లా కాదు. షిఫ్టు దిగాక దీపం తిరిగి రాకపోతే, 'మర్చిపోయి ఇంటికి పట్టుకుపోయాడేమో'నని ఊరుకోవటానికి లేదు, మనిషికోసం చూడాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7-ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అటువంటి వేళ పైన నిలబడినవారు మొదట అడిగేది ఒకటే: లోపల ఎవరున్నారు? కూలి లెక్కల మస్టరు ఆ ప్రశ్నకు చాలదు. ఆ షిఫ్టుకు ఎవరెక్కారో చెబుతుంది గాని, ఎవరు బయటికొచ్చారో చెప్పదు. యూనిక్స్ వారు కూడా రెండు పుస్తకాలు పెట్టారు: ఇప్పుడు లోపల ఉన్నవారిది ఒకటి, వచ్చిపోయినవారి చరిత్ర ఒకటి. 'హూ' అని కొడితే మొదటి పుస్తకం చదివి పేర్లు చెబుతుంది. హూ అంటే ఎవరు. తలుపు వేయకుండా, అంటే లాగవుట్ చేయకుండా టీకి వెళ్లినవారి కుర్చీలో మరొకరు కూర్చుంటే, వాళ్లు చేసిందంతా వీరి పేరునే పడుతుంది.

ఇట్లా ఒకరి పేరున మరొకరు పనిచేయటం అనగానే ఈ బొగ్గు బెల్టులో ఒక మాట అందరికీ తడుతుంది: మారుపేరు. వెనక ఉద్యోగాల రోజుల్లో ఒకరి పేర కాగితం ఉంటే, అన్నకు బదులు తమ్ముడు, ఆ ఊరివాడికి బదులు ఈ ఊరివాడు వెళ్లి చేరిన సందర్భాలు ఉన్నాయి. పుస్తకంలో ఉన్న పేరు పిలిచారు, ఎదురుగా నిలబడ్డవాడు పలికాడు, మస్టరు పడ్డది. పడుతూనే ఉన్నది, ముప్ఫై ఏళ్లు. బాయిలో అతని పేరొకటి, ఇంట్లో తల్లి పిలిచే పేరొకటి. బరువంతా చివరికి పడ్డది. అతను చనిపోయినప్పుడో, జబ్బుపడి పని మానినప్పుడో కొడుక్కు ఉద్యోగం అడిగితే, కొడుకు బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు వేరు, కంపెనీ పుస్తకంలో పేరు వేరు. 'మీ నాయన మా దగ్గర పనిచేయలేదు' అని కాగితం అంటుంది. ముప్ఫై ఏళ్లు తట్ట మోసిన భుజాలను కాగితం చూడదు. సంఘాల కోర్కెల పట్టీల్లో, ఎన్నికల వాగ్దానాల్లో ఈ మారుపేర్ల సంగతి ఏళ్లతరబడి నలిగింది.

ఆనాటివాళ్లు ఆకలికి చేశారు. ఈనాటి ఆఫీసుల్లో ఊరికే చేస్తున్నారు. నేనెరిగిన ఒక కార్యాలయంలో పెద్దాయన పాస్‌వర్డు పెన్ను స్టాండు కింద చీటీమీద ఉంటుంది. ఆయన సెలవులో ఉన్నా బిల్లులు ఆయన పేరునే మంజూరవుతుంటాయి. అందరికీ సుఖంగానే ఉన్నది. రేపు ఒక బిల్లు తేడా వస్తే పుస్తకంలో పడిన వేళ, పేరు చూస్తారు. చీటీ చూసినవాళ్లెవరో పుస్తకానికి తెలియదు. సంతకం చేయనివాడు దోషి, చేసినవాడు అసలు ఆ గదికే రాలేదు. నమ్మకముంటే పాస్‌వర్డు ఇవ్వనక్కరలేదు. గుమాస్తాకు గుమాస్తా పేరుతోనే ఆ పని చేసే అధికారం రాసివ్వవచ్చు. అన్ని ఏర్పాట్లలోనూ ఆ వీలు ఉన్నది, అడిగేవారే లేరు.

ఇందాక నెంబరు గుర్తు పెట్టుకోమన్నాను. యూనిక్స్ పట్టీలో అన్నిటికీ అధికారం గల పెద్ద పేరు 'రూట్'. దాని నెంబరు సున్న. కొన్ని యంత్రాల్లో అదే సున్న నెంబరుకు 'టూర్' అని ఇంకొక పేరు కూడా ఉంటుంది. రూట్‌ను ఇంగ్లీషులో వెనకనుంచి రాస్తే వచ్చే పేరు. రెండు వరసలు, రెండు పేర్లు, నెంబరు ఒకటే. యంత్రం ఇద్దరినీ ఒకరిగానే ఎంచుతుంది. ఏ పేరున వచ్చినా గది తెరుస్తుంది. మన దస్తావేజుల్లో ఇదే పనికి 'ఉరఫ్' అని రాస్తారు. మారుపేరు కార్మికుడి భార్య ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగేదంతా ఆ ఒక్క మాట రాయమనే.